వీడు అన్నా, తమ్ముడా?

పోయినవారం మనం రికార్డింగు గది తలుపు దగ్గర ఆగిపోయాం. కంచుకంఠం చెప్పాల్సిన డైలాగు చెప్పకుండా, చెవులకున్న హెడ్‌ఫోన్సు తీసి బల్లమీద పెట్టి, బయటికి వచ్చేశాడు. అద్దానికి ఇవతల కాగితాలు ముందేసుకుని కూర్చున్న పంతులమ్మ దగ్గరికి వచ్చి, "అమ్మాయ్, ఒక్క మాట చెప్పు. వీడు అన్నా, తమ్ముడా?" అని అడిగాడు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. మన పంతులమ్మ బడిలో పాఠాలు చెప్పే మనిషి కాదు. వీడియో గేముల్లోని మాటలను మన భాషలోకి మార్చే ఆఫీసులో అనువాదకురాలు. పక్కవాడి వాక్యంలో తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేదు కాబట్టి ఆఫీసువాళ్ళు ఆ పేరు పెట్టారు. కంచుకంఠం వయసు మళ్ళిన నటుడు, ఆమె రాసిన మాటలకు గొంతు ఇచ్చేవాడు. ఇద్దరూ కలిసి నిలబెట్టిన హీరో దీపాలవాడు. పొగ కమ్మిన ఊళ్ళో వీధిదీపాలు వెలిగించుకుంటూ, తోడబుట్టినవాణ్ణి వెంటపెట్టుకుని బయటపడే దారి వెతుకుతాడు. మొదటి భాగం ఆడినవాళ్ళు దీపాలవాణ్ణి నెత్తిన పెట్టుకున్నారు. ఇప్పుడు రెండో భాగం రికార్డింగు నడుస్తోంది.

ఇంట్లో మరో కథ నడుస్తోంది. తల్లి పోయాక పంతులమ్మ తన చేతులమీద పెంచిన తమ్ముడు చిన్నోడు, వేరే ఉంటానని చెప్పి సంచులు సర్దుకుంటున్నాడు. ఎందుకని అడిగితే గోడకేసి చూస్తాడు.

సరే, అద్దం దగ్గరికి వద్దాం.

"అన్నే కదా బాబాయ్‌గారూ" అంది పంతులమ్మ. "మొదటి భాగమంతా అన్నగానే చేశారు కదా."

"నువ్వు రాశావు, నేను చేశాను. బాగానే ఉంది. వాళ్ళమ్మ ఒప్పుకోవడం లేదు."

ఆయన హాస్యమాడుతున్నాడేమో అని ఆమె నవ్వబోయింది. ఆయన ముఖంలో నవ్వు లేదు. రికార్డింగులో శబ్దం పడుతుందని ఏసీ ఆపేస్తారు కాబట్టి ఆయన చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. కళ్ళ కింద చర్మం వేలాడుతోంది. పొద్దున్నించి ఇద్దరూ ఆ అద్దానికి చెరోవైపే ఉన్నారు.

ఆయన హెడ్‌ఫోన్సు తెచ్చి ఆమె తలకు పెట్టాడు. యంత్రాల ముందు కూర్చున్న కుర్రాడికి సైగ చేశాడు.

తల్లి డైలాగులు ఆ ఉదయమే వచ్చాయి. వాటిని మరో అనువాదకుడు చేశాడు. ఆ నటి వేరే గదిలో చెప్పి, వెళ్ళిపోయింది కూడా. పంతులమ్మ వినడం ఇదే మొదలు. చెవుల్లో ఒక ముసలి గొంతు, పొగకు దగ్గుతూ, దీపాలవాడితో అంటోంది:

"నువ్వు పుట్టినరోజు వాడు నిన్ను ఎవరి చేతికీ ఇవ్వలేదు. వాడికే సరిగ్గా నడక రాలేదు. నిన్ను ఒళ్ళో పెట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చున్నాడు."

పంతులమ్మ మళ్ళీ వేయించుకుని వింది. కాగితం తీసి అసలు భాషలో ఉన్న వాక్యం చదివింది. ఆ అనువాదకుడు ఎక్కడా తప్పు చేయలేదు. తోడబుట్టినవాడు ముందు పుట్టాడు. దీపాలవాడు వెనక పుట్టాడు.

ఆమె హెడ్‌ఫోన్సు తీసింది. "నేను అడిగానండీ, ఆట తయారుచేసినవాళ్ళని" అంది. ఎవరూ నిందించకముందే ఆ మాట ఎందుకు వచ్చిందో ఆమెకే తెలియలేదు. "మొదటి భాగం చేసేటప్పుడే అడిగాను. వాళ్ళ భాషలో అన్నకీ తమ్ముడికీ ఒకటే మాట. ఇద్దరిలో పెద్దెవరు అని అడిగితే, అంత ముఖ్యం కాదు, మీకెలా బాగుంటే అలా రాసుకోండి అన్నారు."

"వాళ్ళకి ముఖ్యం కాదు. మనకి అలా కుదురుతుందా అమ్మా? మన ఇళ్ళల్లో ఎవరు ముందు పుట్టారో తెలియకపోతే పలకరించడానికి నోరే పెగలదు."

అది నిజం. బొమ్మలైనా చూపించి ఉంటే పోల్చుకునేదేమో. ఈ పనిలో బొమ్మలు ముందు రావు. మాటలే వస్తాయి, అవీ ముక్కలు ముక్కలుగా, ముందుది వెనకా వెనకది ముందూ. తర్వాత బొమ్మలు వచ్చాక చూసినా ఇద్దరి ముఖాలకూ పొగ సోకకుండా కట్టుకున్న గుడ్డలే. ఎత్తు కూడా ఇంచుమించు ఒకటే. అందుకని ఆమె మాటల్ని బట్టి మనిషిని ఊహించింది. పొదుపుగా మాట్లాడతాడు. దారి తనకు తెలుసంటాడు. ముందు నువ్వు తిను అంటాడు. ఇంత బరువుగా మాట్లాడేవాడు పెద్దవాడు కాక మరెవరవుతాడు? అలా అనుకుని ప్రతి వాక్యం చివరా ఒక 'రా' తగిలించింది. తెలుసురా. తినరా. పడుకోరా. ఆ 'రా'ను పట్టుకుని కంచుకంఠం తన గొంతులో ఉన్న కంచునంతా కరిగించి పోశాడు. ఆడినవాళ్ళు 'అన్నంటే ఇలా ఉండాలి' అని ఊరూవాడా రాసుకున్నారు. ఒకాయన తన పెద్దన్నకు ఆ ఆట కొనిచ్చాడట, ఇన్నేళ్ళూ నోటితో చెప్పలేనిది అలా చెప్పుకున్నాడట.

మేనేజరు వచ్చాడు. రికార్డింగు ఆగితే ఆయనకు ఎక్కడున్నా తెలిసిపోతుంది. సంగతంతా నిలబడే విన్నాడు. చెడ్డవాడు కాదు. పైవాళ్ళకూ కిందివాళ్ళకూ మధ్య నలిగి నలిగి, ఏ సమస్య చూసినా ముందు దాన్ని చిన్నది చేయాలనిపించే స్థితికి వచ్చినవాడు.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకు మేడమ్? 'నువ్వు పుట్టినరోజు వాడు' అని ఉంది. 'వాడు పుట్టినరోజు నువ్వు' అని తిప్పేయండి. రెండు మాటలు అటూ ఇటూ. ఆవిణ్ణి పిలిచి మళ్ళీ చెప్పిద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

పంతులమ్మ ఆశ్చర్యపోయింది. అంత సులువా? రెండు మాటలు తిప్పితే తల్లి కడుపున పుట్టిన వరస మారిపోతుంది. వ్యాకరణం కూడా చెడదు.

"ఆ తర్వాత వచ్చేవో?" అన్నాడు కంచుకంఠం.

"వాటినీ అలాగే తిప్పుదాం సార్."

"తిప్పుతూ పోదాం. చివరికి మనకే కళ్ళు తిరుగుతాయి." ఆయన ఫ్లాస్కులోంచి గోరువెచ్చటి నీళ్ళు కాసిని తాగాడు. "అమ్మాయ్, పాతవి రెండు మూడు చెప్తాను. విను. తర్వాత మీరిద్దరూ ఏం చెయ్యమంటే అది చేస్తాను. నాకూ ఓపిక లేదు."

ఆయన మళ్ళీ లోపలికి వెళ్ళి మైకు ముందు నిలబడ్డాడు. ముందు అలవాటైన పద్ధతిలో చెప్పాడు.

"దారి నాకు తెలుసురా. నా వెనకే నడువు."

గుహలోంచి వచ్చినట్టున్న ఆ గొంతు వింటే ఎవరికైనా భయం పోతుంది. ఆయన కాస్త ఆగాడు. భుజాలు దించాడు. మెడ ముందుకు వంచాడు.

"దారి నాకు తెలుసన్నా. నా వెనకే నడువు."

అదే మనిషి, అదే గొంతు. ఈసారి అందులో దారి తెలియనివాడు ఒకడున్నాడు. తెలియదని చెబితే మళ్ళీ చెయ్యి పట్టుకుని నడిపిస్తారేమో అని బెంగపడుతున్నాడు.

"నిన్నెవరు రమ్మన్నారన్నా?"

మొదటి భాగంలో ఆ మాటకు ఆటగాళ్ళు హడలిపోయారు. వెంటపడి వచ్చిన తమ్ముణ్ణి అన్న గద్దించిన గద్దింపు అది. ఇప్పుడు వింటుంటే, రాడేమో అనుకున్న మనిషి వచ్చేసరికి సంతోషం దాచుకోలేక కసురుకున్నట్టుంది.

"ముందు నువ్వు తినన్నా."

యంత్రాల ముందున్న కుర్రాడు మీట మీద చెయ్యి వేసుకుని అలాగే ఉండిపోయాడు. మేనేజరు ఫోను జేబులో పెట్టుకున్నాడు. అన్న తిండి పెట్టడంలో వింతేముంది? ఎప్పుడూ తనకే ముందు పెట్టిన మనిషికి ఒక్కసారి, ఒక్కసారి తను పెట్టాలని చూస్తున్నాడు వీడు.

కంచుకంఠం బయటికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "మా ఇంట్లో నేను ఆఖరివాణ్ణమ్మా. నా మాట చివరిదాకా విన్నవాడు లేడు. ఆ కోపంతోనే గొంతు ఇంత పెరిగింది" అన్నాడు. "మొదటి భాగం చేసేటప్పుడు ఒకటి రెండుచోట్ల అనుమానం వచ్చింది. వీడేదో పెద్దరికం తెచ్చిపెట్టుకుంటున్నాడు, పుట్టుకతో వచ్చింది కాదు అనిపించింది. నీ 'రా' చూసి నోరుమూసుకున్నాను."

"అప్పుడే అడగాల్సింది బాబాయ్‌గారూ."

"నువ్వు అంత నమ్మకంగా రాశావు మరి. ఎక్కణ్ణించి తెచ్చావమ్మా ఆ అన్నని?"

పంతులమ్మ కాగితాలు సంచిలో సర్దుకుంది. ఎక్కణ్ణించి తెచ్చిందో ఆమెకు తెలుసు.

మేనేజరు రేపు ఉదయందాకా గడువిచ్చాడు. తల్లి మాట తిప్పడమో, మొదటి భాగం మళ్ళీ రాసి మళ్ళీ రికార్డు చేయడమో. రెండోదానికి పైవాళ్ళు ఒప్పుకోవాలి, కంచుకంఠం గొంతు ఒప్పుకోవాలి. "నా మాట వినండి మేడమ్, ఇంటికెళ్ళి పడుకోండి. పొద్దున్నకి ఇది ఇంత పెద్దగా కనిపించదు" అన్నాడు మేనేజరు.

బస్సులో ఆమెకు కూర్చోవడానికి చోటు దొరికింది గానీ కునుకు పట్టలేదు. దీపాలవాడి మాటలు ఒక్కొక్కటే గుర్తుకు తెచ్చుకుని 'రా' తీసేసి 'అన్నా' పెట్టి చూసుకుంది. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, ఏ మాటా ఉన్నచోట ఉండలేదు. బరువు అనుకున్నది బింకమైంది. ఓర్పు అనుకున్నది అలక అయింది. దిగాల్సిన చోటు దాటిపోయి, వెనక్కి నడిచి ఇల్లు చేరింది.

ఇంకా వెలుగు పోలేదు. చిన్నోడు తను పనిచేసే కళ్ళద్దాల షాపునుంచి తొందరగా వచ్చినట్టున్నాడు. ముందుగదిలో నేలమీద కూర్చుని కంప్యూటరు తీగలు చుట్టచుట్టి రబ్బరుబ్యాండ్లు వేస్తున్నాడు. అక్కను చూసి కాళ్ళు పక్కకు తీసి దారి ఇచ్చాడు. ఈమధ్య వాళ్ళ పలకరింపు అంతే.

పంతులమ్మ చెప్పులు విడిచి, సంచి కిందపెట్టి, వాడి ఎదురుగా నేలమీదే చతికిలబడింది. కుర్చీదాకా వెళ్ళే ఓపిక లేదు.

"ఒరేయ్, నువ్వు దీపాలవాడి ఆట ఆడావు కదా?"

"ఆడాను."

"వాడెలాంటివాడనిపించింది నీకు?"

చిన్నోడు తీగ చుట్టడం ఆపలేదు. "పేరు నీదే వేశారుగా చివర్లో. నన్నడుగుతావేంటి?"

"ఆఫీసు పనికి అడుగుతున్నాను. కోపంగానైనా చెప్పు."

"కోపమేముంది." తీగకు రబ్బరుబ్యాండు వేస్తూ అన్నాడు: "నాకు వాడు కొత్తగా ఏం అనిపించలేదక్కా. వాడు నువ్వే కదా."

"నేనా?" అంది ఆమె.

"'నేను వచ్చేదాకా గడప దాటకు.' 'తినకపోతే నీకే నష్టం, నాకేంటి.' 'దారి నాకు తెలుసు.' ఇవన్నీ నేను విన్నవే. ఆయనెవరో గొంతు ఇచ్చాడు గానీ నాకు నీ గొంతే వినిపించింది. మొదట్లో నవ్వొచ్చింది. షాపులో వాళ్ళకి చెప్పాను కూడా, మా అక్కే హీరో అని."

"మరి?"

"మరేముంది. ఆఖరిదాకా ఆడాను."

చివరి దృశ్యం ఆమెకు బాగా గుర్తుంది. పొగ పలచబడిన చోట ఇనుపగేటు. తోడబుట్టినవాడు గేటు అవతలికి వెళ్ళాక, దీపాలవాడు ఇవతల్నించి గొళ్ళెం వేసి ఒక్క మాట అంటాడు. తెర చీకటైపోతుంది. ఆ మాట ఆమే రాసింది: 'ఇవాళ్టికి నా భారం దిగిందిరా.'

"దానికా?" అంది పంతులమ్మ. "దానికా నువ్వు సంచులు సర్దుతున్నది?"

చిన్నోడు తీగను కింద పెట్టాడు. "మిగతావన్నీ నీవే అయినప్పుడు అదొక్కటీ వాడిదెలా అవుతుందక్కా? నోటితో అనలేనిది అక్కడ అన్నావనుకున్నాను. తప్పనట్లేదు. నీ వయసువాళ్ళందరూ వాళ్ళ బతుకులు వాళ్ళు చూసుకున్నారు. నువ్వు నన్ను చూసుకున్నావు. అలిసిపోవూ? అందుకే దింపేద్దామనుకున్నాను."

వాడు ఆ మాటలు నింపాదిగా అన్నాడు. ఎన్నో రోజులుగా లోపల అనుకుని అనుకుని అరిగిపోయిన మాటల్లా ఉన్నాయి. పంతులమ్మకు ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా కొంత సత్తువ కావాలి.

"చిన్నోడా, నేను చెప్పేది విను. వాళ్ళ భాషలో అక్కడ ఉన్నది 'ఒక భారం దిగింది' అని. అంతే. ఎవరిదీ అని లేదు. 'నా' అన్నది నేను పెట్టింది. మన భాషలో అలా వదిలేస్తే వెలితిగా ఉందనిపించి పెట్టాను. ఇవాళ తెలిసింది, దీపాలవాడు చిన్నవాడట. అన్న గేటు దాటిపోతుంటే తమ్ముడు అంటున్న మాట అది. 'నీ భారం దిగిందన్నా' అంటున్నాడు వాడు. నేను తలకిందులు చేశాను."

చిన్నోడు తల అడ్డంగా ఊపాడు. "ఇవాళ తెలిసిందేమో. రాసినరోజు తెలియదు కదా. ఆ రోజు నీకు రెండూ కుదిరేవి. ఎటైనా రాయొచ్చు. 'నా' అనే ఎందుకు రాశావు?"

ఎదురుగా ఉన్నది తను ఎత్తుకు తిప్పిన పిల్లాడు కాదని, గడ్డం మాసి ఉన్న మగవాడని ఆమెకు అప్పుడు తెలిసింది. వాడికి ఊరడింపు పనికిరాదు.

"అలిసిపోయి ఉన్నానేమోరా ఆ రోజు" అంది. "అలిసిపోయాను. అది నిజం. కానీ దింపేయాలని ఏనాడూ అనుకోలేదు. ఈ రెండూ ఒకటే అనుకుంటే నేనేం చెయ్యలేను."

చిన్నోడు తలవంచుకున్నాడు. రబ్బరుబ్యాండు వేలికి చుట్టుకుంటూ, "ఒకటే అనుకున్నాను" అన్నాడు మెల్లగా.

పంతులమ్మ గోడ పట్టుకుని లేచింది. ఫోను తీసుకుని, వాడు వింటుండగానే, మేనేజరుకు చేసింది.

"సార్, తల్లి మాట తిప్పకండి. ఉన్నది ఉన్నట్టు ఉంచండి. మొదటి భాగం నేను మళ్ళీ రాస్తాను, ప్రతి మాటా."

"మేడమ్, పైవాళ్ళు తప్పెవరిదని అడుగుతారు. ఆ పేరు ఇచ్చాక ఆ పేరుగలవాళ్ళనే ఉంచుతారని నేను మాటివ్వలేను."

"నా పేరే ఇవ్వండి. నన్ను తీసేసినా ఇంకెవరితోనైనా రాయించండి. వాడు చిన్నవాడు సార్. చిన్నవాడిలాగే మాట్లాడనివ్వాలి."

"ఆయన గొంతో?"

"బాబాయ్‌గార్ని నేను అడుగుతాను."

ఫోను పెట్టేసి ఆమె వంటింట్లోకి వెళ్ళి ముఖం కడుక్కుంది. వచ్చేసరికి చిన్నోడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె తువ్వాలు వెతుక్కుంటుంటే తనే తీసి అందించాడు. ఇన్ని రోజుల తర్వాత అదే మొదటిసారి.

"ఇంక ఆ సంచులు విప్పరా" అంది ఆమె.

వాడు కదల్లేదు.

"అక్కా, కోపం పోయింది. నిజంగా పోయింది. కానీ వెళ్ళాలి." సంచుల వైపు చూశాడు. "ఇన్ని రోజులూ ఎందుకెళ్తున్నావనే అడిగావు. ఎక్కడికెళ్తున్నావని అడగలేదు."

"ఎక్కడికి? ఎక్కడో ఒక గది చూసుకుని ఉంటావు."

"నాన్న దగ్గరికి."

తువ్వాలు పంతులమ్మ ముఖం మీదే ఉండిపోయింది. తల్లి పోయిన ఏడాది, బడినుంచి వచ్చిన పసివాడు నాన్న ఏడని అడిగితే, ఆమె రెండే మాటలు చెప్పింది. 'నాన్న లేడు.' చచ్చిపోయాడని అనలేదు. బతికి ఎక్కడో ఉన్నాడనీ అనలేదు. పిల్లవాడు తనకు అర్థమైనట్టు అర్థం చేసుకుని, మరి అడగడం మానేశాడు. వాడు మానేశాడు కదా అని ఆమె ఊరుకుంది. ఇన్నేళ్ళూ ఊరుకుంది.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. ఆయనే షాపుకొచ్చాడు, అద్దాలు మార్పించుకోడానికి. పేరు రాయించుకుంటూ నా ముఖంకేసి చూసి కూర్చుండిపోయాడు. ఆ పేరు నా సర్టిఫికెట్లలో ఉన్న నాన్న పేరే." చిన్నోడు కిటికీ వైపు చూశాడు. "ఇవాళ నన్ను తీసుకెళ్ళడానికి వచ్చాడు. మన వీధి మొదట్లో ఉన్నాడు. నువ్వు ఆయన పక్కనుంచే నడిచొచ్చి ఉంటావు."

పంతులమ్మ తువ్వాలు దించింది. వాడి చేతిలో ఫోను అప్పటికే వెలుగుతోంది.

"నీకిష్టం లేకపోతే నేనే కిందికి వెళ్ళిపోతాను. ఆయన మాత్రం ఒక్కసారి నిన్ను చూడాలంటున్నాడు. పిలవమంటావా, అక్కా?"